డిక్లరేషన్‌కు స్టే వస్తే ఆగేది ఏమిటి?

(విశాఖపట్నం ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో ఒక సాయంత్రం జూనియర్ న్యాయవాదుల ముందు, కోర్టు కేసులున్న మామూలు జనం ముందు ఒక సీనియర్ న్యాయవాది చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసినది.)

అందరికీ నమస్కారం. వెనక వరసకు వినపడుతోందా? ఫ్యాన్ల చప్పుడు ఎక్కువగా ఉంది. కొంచెం గట్టిగానే మాట్లాడతాను.

కొన్నేళ్ల కిందట ఆనందపురం వైపు నుంచి ఒక పెద్దాయన మా ఆఫీసుకు వచ్చారు. చేతిలో బట్టల షాపు సంచి. అందులోంచి కోర్టు డిక్రీ తీసి బల్ల మీద పెట్టారు. సర్టిఫైడ్ కాపీ. పేజీ పేజీకీ లామినేషన్ చేయించారు. ఎకరం డెబ్భై సెంట్ల మెట్ట, పదకొండేళ్ల దావా. "దేవుడి గదిలో పెట్టుకున్నాను బాబూ" అన్నారు. తర్వాత చొక్కా జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన ఇంకో కాగితం తీశారు. అప్పీలు కోర్టు ఇచ్చిన స్టే ఉత్తర్వు.

"ఏటి బాబూ ఇది? భూమి నాదేనని జడ్జిగారే రాసేరు గదా. నాది అన్న మాట ఆగిపోవడమేటి?"

నాకు నవ్వు వచ్చి, గొంతులోనే ఆగిపోయింది. ఆయన అడిగిందే లా పుస్తకాల్లో తెగని ప్రశ్న. ఇవాళ నేను మాట్లాడేదంతా ఆ ప్రశ్నకు జవాబే.

మామూలు డిక్రీ ఎలా ఉంటుందో ముందు చూడండి. "ఐదు లక్షలు కట్టు" అంటుంది, లేదా "ఇల్లు ఖాళీ చెయ్యి" అంటుంది. అవతలివాడు చెయ్యకపోతే మనం ఈపీ వేస్తాం, అంటే డిక్రీ అమలు చేయించమని ఎగ్జిక్యూషన్ పిటిషన్. అటాచ్‌మెంటు, అంటే జప్తు అడుగుతాం, కోర్టు అమీనా వెళ్తాడు. అప్పీలులో స్టే వస్తే అమీనా ఆగుతాడు. ఇందులో తికమక లేదు. డిక్లరేషన్ అలా కాదు. అది ఎవరినీ ఏమీ చెయ్యమనదు. "ఈ భూమికి హక్కుదారు ఇతడు", "ఈమె ఫలానా ఆయన చట్టబద్ధమైన వారసురాలు", "ఈ రాజీ డిక్రీ దేవుడిని కట్టిపడెయ్యదు" అని చెప్పి ఊరుకుంటుంది. ఆ చివరిది నేను కల్పించింది కాదు. నెల్లూరు జిల్లా పెంచలకోన దేవస్థానం కేసు. సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. స్పెసిఫిక్ రిలీఫ్ యాక్టులో రాసిన రకం డిక్లరేషన్లే కాదు, వేరే రకాలూ కోర్టు ఇవ్వవచ్చని అందులో తేలింది. అది పాత 1877 చట్టం 42వ సెక్షన్ మీద వచ్చిన తీర్పు. ఇప్పుడున్న 1963 చట్టంలో దాని చోటున 34వ సెక్షన్ ఉంది. ఆ పక్కనే 35 ఉంది, దాన్ని చాలామంది చదవరు. డిక్లరేషన్ కట్టుబడేది ఆ కేసులో ఉన్నవాళ్లకూ, వాళ్ల ద్వారా హక్కు చెప్పేవాళ్లకే. ఊరందరికీ కాదు.

ఇక అప్పీలు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 41వ ఆర్డరు, 5వ రూలు. అప్పీలు వేసినంత మాత్రాన కింది కోర్టు డిక్రీ ఆగదని ఆ రూలు మొదటే చెప్పేస్తుంది. అప్పీలు కోర్టు విడిగా ఉత్తర్వు ఇస్తేనే ఆగుతుంది. "అప్పీలు పడేశాం కదండీ, ఇంకేం చెయ్యగలరు" అని నిశ్చింతగా కూర్చునే కక్షిదారులు నాకు ఏటా ఇద్దరు ముగ్గురైనా తగులుతారు. ఎగ్జిక్యూషన్ ఆపాలంటే ఏం చూపాలో కూడా అక్కడే ఉంది. స్టే లేకపోతే గట్టి నష్టం వస్తుందని చూపాలి, ఆలస్యం చెయ్యకుండా రావాలి, రేపు ఓడిపోతే డిక్రీ నెరవేరుస్తానని సెక్యూరిటీ ఇవ్వాలి.

చిక్కు ఇక్కడే వస్తుంది. ఆ రూలు ఎక్కువగా ఎగ్జిక్యూషన్ గురించే మాట్లాడుతుంది. ఉత్త డిక్లరేషన్‌కు ఎగ్జిక్యూషన్ ఏదీ? ఈపీ వేస్తే ఏమని అడుగుతారు? అందుకని నెగ్గినవాడి లాయరు లేచి, "అయ్యా, ఇక్కడ నడిచేదే లేదు, ఆపడానికేముంది, స్టే పిటిషన్ కొట్టేయండి" అంటాడు. ఓడినవాడి లాయరు, "రూలులో ఎగ్జిక్యూషన్ ఒక్కటే లేదు, డిక్రీ కింద జరిగే ప్రొసీడింగ్స్ అన్న మాట కూడా ఉంది, అదీ చాలకపోతే 151 సెక్షన్ కింద కోర్టుకు సహజంగా ఉన్న అధికారం ఉంది, డిక్రీ అమలునే ఆపండి" అంటాడు. ఈ రెండు వాదనలూ నేనే చేశాను. ఒకే వారంలో, రెండు వేర్వేరు కేసుల్లో. సిగ్గుపడాల్సిందేమీ లేదు, మన వృత్తే అంత.

కానీ ముప్పై ఏళ్ల తర్వాత నాకు అనిపించేది వేరు. ఇద్దరూ మాటల దగ్గర కొట్టుకుంటున్నారు. డిక్లరేషన్ అనేది ఒక మాట. మాటను ఎవరూ ఆపలేరు. కానీ ఆ మాటను పట్టుకుని ఎమ్మార్వో ఆఫీసులో ఒకరు మ్యుటేషన్‌కు, అంటే రికార్డుల్లో పేరు మార్పుకు, దరఖాస్తు పెడతారు. సబ్ రిజిస్ట్రారు దగ్గర ఒకరు సేల్ డీడ్ రాయిస్తారు. బ్యాంకులో లోను అడుగుతారు. రిజిస్ట్రేషన్ చెయ్యకూడని భూముల జాబితా, అదే ఇరవై రెండు-ఏ జాబితాలోంచి సర్వే నంబరు తీయమంటారు. ఆ జాబితా సంగతి విశాఖలో నేను విడమరిచి చెప్పక్కర్లేదు, సింహాచలం దేవస్థానం భూముల వివాదంలో ఉన్న పంచగ్రామాల వాళ్లు ఈ హాల్లోనే నలుగురైదుగురు కనిపిస్తున్నారు. ఆగాల్సినవి, ఆపగలిగినవి ఈ పనులు. జూనియర్లకు నేను చెప్పేది ఇదొక్కటే. స్టే పిటిషన్‌లో "జడ్జిమెంటు, డిక్రీ అమలు నిలిపివేయ ప్రార్థన" అని ఒక లైను రాసి దండం పెట్టి వచ్చేయకండి. ఆ డిక్లరేషన్ ఆసరాగా ఎవరు, ఏ ఆఫీసులో, ఏ పని చేయబోతున్నారో అఫిడవిట్‌లో పేరుపేరునా రాయండి. దాన్ని ఆపమని అడగండి.

ఇది నా సొంత తెలివి కాదు. క్రిమినల్ కేసుల నుంచి నేర్చుకున్నది. 1995లో రామా నారంగ్ కేసు వచ్చింది. అక్కడా సరిగ్గా ఇదే పేచీ. అమలయ్యేది శిక్ష, దాన్ని ఆపవచ్చు. కన్విక్షన్ అంటే "ఇతడు దోషి" అన్న మాట, దాన్ని ఎలా ఆపుతారు? సుప్రీంకోర్టు ఏమందంటే, ఆ మాట వల్లే ఒక మనిషి పదవికి అనర్హుడవుతుంటే, ఆ మేరకు ఆ మాట కూడా అమలవుతున్నట్టే, కాబట్టి తగిన కేసులో ఆపవచ్చు. అయితే ఆపమని అడిగేవాడు ఆ పర్యవసానం ఏమిటో కోర్టు ముందు విడిగా పెట్టాలి. 2023లో మీరంతా టీవీల్లో చూసింది దీని కొనసాగింపే. మార్చి 23న సూరత్ కోర్టు రాహుల్ గాంధీకి రెండేళ్ల శిక్ష వేసింది, మర్నాడు లోక్‌సభ సభ్యత్వం పోయింది. ఆగస్టు 4న సుప్రీంకోర్టు కన్విక్షన్‌ను ఆపింది, 7న సభ్యత్వం తిరిగి వచ్చింది. అప్పటికి శిక్ష ఆగి చాలా రోజులైంది. సభ్యత్వం తిరిగి వచ్చింది మాత్రం దోషి అన్న మాట ఆగాకే.

ఎన్నికల చట్టమైతే ఈ సందేహానికి తావే ఇవ్వలేదు. ఎన్నిక చెల్లదని హైకోర్టు ప్రకటించడం అచ్చమైన డిక్లరేషన్. ప్రజాప్రాతినిధ్య చట్టం 107వ సెక్షన్ ప్రకారం ఆ ఉత్తర్వు చదివిన క్షణం నుంచే అమల్లోకి వస్తుంది. 116-బి ప్రకారం స్టే ఇస్తే, అది అసలు ఎన్నడూ అమల్లోకి రానట్టే లెక్క. పార్లమెంటు కావాలని రాసిన మాట అది. మామూలు సివిల్ స్టేకు అంత బలం లేదు.

ఇందిరా గాంధీ కేసు తెలియనివాళ్లు ఉండరు గానీ, అందులో స్టే ఎలా నడిచిందో చాలామంది గమనించరు. 1975 జూన్ 12న అలహాబాద్ హైకోర్టులో జస్టిస్ జగ్‌మోహన్‌లాల్ సిన్హా ఆమె ఎన్నిక చెల్లదన్నారు. అన్న నోటితోనే తన ఉత్తర్వును 20 రోజులు తానే ఆపుకున్నారు. తర్వాత సెలవుల్లో సుప్రీంకోర్టులో ఒక్కరే కూర్చున్న జస్టిస్ కృష్ణయ్యర్ జూన్ 24న స్టే ఇచ్చారు. పూర్తి స్టే కాదు. సభకు రావచ్చు, ప్రధానిగా కొనసాగవచ్చు, సభ్యురాలిగా ఓటు వెయ్యకూడదు, జీతం తీసుకోకూడదు. అంటే ఆయన డిక్లరేషన్‌ను ముక్కలు కోసి, దాని వల్ల జరిగే వాటిలో కొన్నింటిని ఆపి, కొన్నింటిని వదిలేశారు. మర్నాటి రాత్రి దేశంలో ఏం జరిగిందో అందరికీ తెలుసు, అది వేరే ప్రసంగం. నాకు కావలసింది ఆ కోత. మన మున్సిఫ్ కోర్టు అప్పీళ్లలో కూడా అలా కోసి అడగవచ్చు. "డిక్లరేషన్ ఉండనివ్వండి, అమ్మకం మాత్రం ఆపండి" అని అడిగితే జడ్జిగారికి కూడా ఇవ్వడం తేలిక.

మన ఊరి మాట కూడా ఒకటి. ఇక్కడ ఈ పేరెత్తితే సభ రెండు ముక్కలవుతుందని తెలుసు, అందుకే రాజకీయం ముట్టుకోను. రాజధాని కేసు. 2022 మార్చి 3న మన హైకోర్టు రాజధానిని మార్చే అధికారం శాసనసభకు లేదంది. దాంతోపాటు నెల, మూడు నెలలు, ఆరు నెలలు అంటూ అమరావతి పనులకు గడువులు పెట్టింది. ఆ ఏడాది నవంబరు 28న సుప్రీంకోర్టు ఆపింది ఆ గడువులను. అధికారం లేదన్న మాటను ఆ స్టే తాకలేదు. మర్నాడు మా బార్ రూములో సగం మంది "స్టే వచ్చేసింది" అన్నారు, సగం మంది "స్టే రాలేదు" అన్నారు. పేపరు చేత్తో పట్టుకుని మరీ. ఉత్తర్వు పూర్తిగా చదివినవాళ్లు ఇద్దరో ముగ్గురో.

సరే, మళ్లీ ఆనందపురం పెద్దాయన దగ్గరికి వద్దాం. స్టే వచ్చిన తర్వాతి ఆదివారం అవతలి పార్టీ ట్రాక్టరు తెచ్చి పొలంలో దింపింది. "నీ డిక్రీ పోయింది, స్టే వచ్చింది, భూమి మాది" అన్నారట. ఆయన కొడుకు నాకు ఫోన్ చేస్తే వెనక ట్రాక్టరు శబ్దం వినిపిస్తోంది. ఇంతకంటే పెద్ద అపోహ ఇంకొకటి లేదు. స్టే ఓడినవాడిని నెగ్గించదు. 1992లో చాముండి మోపెడ్స్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని తేల్చేసింది. ఒక ఉత్తర్వును కొట్టేస్తే, అది రాకముందు ఉన్న స్థితి తిరిగి వస్తుంది. స్టే చేస్తే అలా కాదు. స్టే ఇచ్చిన రోజు నుంచి ఆ ఉత్తర్వు పనిచెయ్యదు, అంతే. అది లేకుండా పోయినట్టు కాదు. కాబట్టి డిక్రీ ఆగినా, డిక్రీకి ముందు పొలం ఎవరి స్వాధీనంలో ఉందో ఆ స్వాధీనం మారదు. ఈయన దున్నుకుంటున్నారు, స్టే వచ్చాక కూడా దున్నుకోవచ్చు.

కానీ మా వైపు కూడా ఒక తప్పు ఉంది, దాచను. ఆయన దావాలో డిక్లరేషన్‌తో పాటు, అవతలివాళ్లు పొలంలోకి రాకూడదన్న ఇంజంక్షన్ కూడా ఉంది. ఉండాలి కూడా, 34వ సెక్షన్ కింద ఇంకో పరిహారం అడిగే వీలుండి అడగకపోతే డిక్లరేషనే రాదు. స్టేతో ఆ ఇంజంక్షన్ కూడా ఆగింది. ట్రాక్టరు దిగితే చూపించడానికి చేతిలో ఏ కాగితమూ లేదు. తీర్పు వచ్చిన రోజే కేవియట్ వేసి ఉంటే ఆ స్టే మమ్మల్ని వినకుండా వచ్చేది కాదు. 148-ఏ సెక్షన్, 90 రోజులు పనిచేస్తుంది, ఖర్చు పెద్దగా ఉండదు. తీర్పు వచ్చిన సంతోషంలో ఆయన లామినేషన్ షాపుకు వెళ్లారు, నేను ఇంటికి వెళ్లి పడుకున్నాను. సోమవారం పొద్దున్నే పిటిషన్ వేసి, స్టేను సవరించమన్నాం. స్వాధీనం విషయంలో యథాతథ స్థితి, అప్పీలు తేలేదాకా ఇరుపక్షాలూ అమ్మకూడదు, తాకట్టు పెట్టకూడదు. అది ఇచ్చారు. మొదటే ఆ ఉత్తర్వు వచ్చి ఉంటే ట్రాక్టరు వచ్చేది కాదు.

అమ్మకం మాట వచ్చింది కాబట్టి, ఇక్కడ స్థలాలు కొనేవాళ్లు చెవి ఇటు పెట్టండి. స్టే లేకపోయినా సరే, అప్పీలు నడుస్తుండగా కొన్న భూమి అప్పీలు ఫలితానికి లోబడే ఉంటుంది. ఆస్తి బదిలీ చట్టం 52వ సెక్షన్. అప్పీలు అంటే దావాకు కొనసాగింపే. "ఈసీ క్లీన్‌గా ఉందండీ" అంటారు. ఈసీ అంటే ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్. ఈసీలో కోర్టు కేసు కనపడకపోవచ్చు. "డిక్రీ ఉంది, స్టే లేదు" అని చూపించి అమ్మేవాళ్లు మధురవాడ నుంచి భోగాపురం దాకా ఉన్నారు. అప్పీలు ఉందా అని అడిగితే మాట మార్చేస్తారు.

ఇప్పుడు వెనక్కి రానివాటి గురించి. భూమి ఎక్కడికీ పోదు, పదేళ్లయినా అక్కడే ఉంటుంది. కొన్నింటిలో కాలమే ఆస్తి. నా దగ్గర ఒక కేసు నడిచింది, పుట్టిన తేదీ డిక్లరేషన్. సంస్థ పేరు చెప్పను. స్కూలు రికార్డులో రెండేళ్లు తేడా ఉందని ఆయన దావా వేసి నెగ్గారు. రిటైర్మెంటుకు ఇంకా ఐదు నెలలు ఉంది. సంస్థ అప్పీలు వేసి, స్టే తెచ్చి, పాత తేదీ ప్రకారమే ఆయన్ని పంపేసింది. మూడేళ్ల తర్వాత అప్పీలు కొట్టేశారు, ఆయనే నెగ్గారు. అప్పటికి కొత్త తేదీ ప్రకారం కూడా రిటైరయ్యే వయసు దాటిపోయింది. డబ్బు కోసం మళ్లీ తిరిగాం, కొంత వచ్చింది. ఆ రెండేళ్లు పొద్దున్నే షిఫ్టుకు వెళ్లాల్సిన మనిషి బీచ్ రోడ్డులో నడుస్తూ నాకు ఎదురుపడేవారు. నేను తల తిప్పుకునేవాణ్ణి. స్టే ఇచ్చే ముందు ఎవరి నష్టం పూడ్చలేనిది అని జడ్జిలు తూచాలంటారు కదా, ఆ తూకం ఆ రోజు తప్పిందని నేను ఇప్పటికీ అనుకుంటాను.

ఇదే సంగతి పెద్ద ఎత్తున కూడా జరుగుతుంది. 2010 ఫిబ్రవరి 8న అప్పటి ఉమ్మడి రాష్ట్ర హైకోర్టు, ఏడుగురు జడ్జిల ధర్మాసనం, ముస్లింలలో వెనకబడిన వర్గాలకు ఇచ్చిన 4 శాతం రిజర్వేషన్ చట్టం చెల్లదని చెప్పింది. మార్చి 25న సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చి రిజర్వేషన్ నడవనిచ్చింది, రాజ్యాంగ ధర్మాసనానికి పంపింది. ఆ మధ్యంతర ఉత్తర్వు నీడన పదేళ్లకు పైగా, ఆ వర్గాలకు పెట్టిన బీసీ-ఇ కోటా కింద ఎంసెట్ కౌన్సెలింగులు జరిగాయి, ఉద్యోగాలు వచ్చాయి. స్టే లేకపోతే ఆ పిల్లలు నష్టపోయేవారు. స్టే ఉండటం వల్ల ఆ సీటు తమకు వచ్చేదనుకునే ఇంకో పిల్లలున్నారు. వాళ్ల కౌన్సెలింగు సంవత్సరమూ తిరిగి రాదు. ఎవరిది న్యాయమో నేను చెప్పడం లేదు. ఇలాంటి కేసుల్లో మధ్యంతరమే అంతిమం అయిపోతుంది, అంతవరకే అంటున్నాను.

కొందరు జడ్జిలు ఈ ఇబ్బంది ముందే చూసి, డిక్లరేషన్ ఇస్తూనే వాయిదా వేస్తారు. కెనడాలో మానిటోబా రాష్ట్రం చట్టాలను ఇంగ్లీషు, ఫ్రెంచి రెండింట్లో చెయ్యాలి. 1890 నుంచి ఒక్క ఇంగ్లీషులోనే చేశారు. 1985లో వాళ్ల సుప్రీంకోర్టు అవన్నీ చెల్లవంది. చెల్లకపోతే ఆ రాష్ట్రంలో చట్టమే ఉండదు కదా! అనువాదం పూర్తయ్యేదాకా అవి చెల్లినట్టే భావించమంది. మన చట్టాల తెలుగు అనువాదాలు చదివినప్పుడల్లా నాకు ఆ కేసు గుర్తొస్తుంది. అంతకన్నా అనను.

(శ్రోతల్లోంచి ఒక జూనియర్: సర్, దావా కొట్టేస్తే, ఆ డిక్రీ మీద స్టే అడగవచ్చా?)

ఇది ప్రతి ఏడూ ఎవరో ఒకరు వేస్తారమ్మా. దావా కొట్టేస్తే ఆపడానికి ఏమీ లేదు. "కొట్టేయడాన్ని ఆపండి" అంటే దావా నెగ్గినట్టు అవుతుందా? కాదు కదా. అక్కడ నువ్వు అడగాల్సింది 39వ ఆర్డరు కింద తాత్కాలిక ఇంజంక్షన్. సివిల్ ప్రొసీజర్ కోడ్ 107వ సెక్షన్ ప్రకారం అప్పీలు కోర్టుకు కింది కోర్టు అధికారాలన్నీ ఉంటాయి. స్టే పిటిషన్ వేస్తే ఆఫీసువాళ్లు నంబరు ఇచ్చినా, బెంచి మీద నవ్వుతారు.

(ఇంకొకరు: స్టే ఆరు నెలలకు దానంతట అదే పోతుందంటారు, నిజమా?)

2018లో ఒక తీర్పు అలా చెప్పింది. 2024 ఫిబ్రవరి 29న ఐదుగురు జడ్జిలు దాన్ని తోసిపుచ్చారు. స్టే దానంతట అది పోదు. పోవాలంటే మనం పిటిషన్ వెయ్యాలి, వాదించాలి. ఆరు నెలలైందని ఇంట్లో కూర్చోకండి.

(వెనక వరస నుంచి: ఆ ఆనందపురం ఆయన కేసు ఏమైందండీ?)

నాలుగేళ్లకు అప్పీలు కొట్టేశారు. అవతలివాళ్లు హైకోర్టుకు సెకండ్ అప్పీలు వెళ్తారని తెలుసు, ఈసారి ముందే కేవియట్ వేద్దామని ఆయన్ని డిక్రీ తెమ్మన్నాను. అదే బట్టల షాపు సంచి, అవే లామినేషన్ పేజీలు. దాని మీద ముద్ర వెయ్యలేం, ఫైల్లో కుట్టలేం, మళ్లీ కాపీ అప్లికేషన్ పెట్టాల్సి వచ్చింది. కొత్త కాపీ చేతికి వచ్చాక, "దీన్ని ఏమీ చేయించకండి, కవర్లో పెట్టి ఉంచండి" అని గట్టిగా చెప్పాను. వారం తర్వాత వచ్చి, "మీరు చెప్పినట్టే చేసేను బాబూ, ఒరిజినల్ ముట్టుకోలేదు, జిరాక్సుకి చేయించేను" అన్నారు.